తాడు పట్టుకునే మనిషి

మ్యూజియం ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు గౌలిపురాలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. చర్మాలకు పురుగు పట్టకుండా ఏ మందు రాయాలి, గాజు కళ్ళు ఎక్కడ దొరుకుతాయి, పక్షి ఈకల రంగు వెలిసిపోకుండా ఏం చేయాలి అని అడుగుతారు. చెబుతాను. ఇవన్నీ చేయి తిరిగితే ఎవరికైనా ఆరు నెలల్లో వస్తాయి. ఏ పుస్తకంలోనైనా ఉంటాయి కూడా. కానీ నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్నది ఒక్కటే ఉంది, అది ఏ పుస్తకంలోనూ లేదు. అది చెప్పబోతే టీ అయిపోయిందని లేచి వెళ్ళిపోతారు. అందుకని రాసి పెడుతున్నాను.

నా ఉద్యోగం పేరు ప్రిపరేటర్. చచ్చిన జంతువును బతికున్నట్టు నిలబెట్టడం, అది తిరిగిన చోటును మట్టితో, గుడ్డతో, రంగుతో దాని చుట్టూ కట్టడం. మా నాన్న చిన్న గుడి పూజారి. నేను ఎలుగుబంటి పళ్ళు తోమి ఇంటికి వచ్చానంటే వాకిట్లోనే నీళ్ళ బకెట్టు సిద్ధంగా ఉండేది. "ఇయ్యాల ఏం జంతువే?" అని అడిగి, పేరు విని, అప్పుడు తువ్వాలు చేతికిచ్చేవాడు. మానెయ్యమని మాత్రం ఒక్కనాడూ అనలేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు నా ఉద్యోగం ఏమిటని అడిగితే "సర్కారు కొలువు" అని ఊరుకునేవాడు, అది వేరే సంగతి.

రహ్మాన్ సాబ్ గది

మా మ్యూజియం షాలిబండ దగ్గర ఒక పాత దేవిడీలో, అంటే నవాబుల నాటి భవంతిలో ఉండేది. పేరెందుకులెండి, ఇప్పుడు ఆ గదులూ లేవు, ఆ బొమ్మలూ లేవు. డెబ్బైల్లో నేను చేరేనాటికి మా సూపరింటెండెంటు రహ్మాన్ సాబ్. వయసులో ఉండగా ఎవరో నవాబుల వెంట వేటకు తుపాకులు మోసిన మనిషి. నల్లమలను కాళ్ళతో చదివాడు. ఎప్పుడో ఏదో చూసి తుపాకీ ముట్టనని ఒట్టేసుకున్నాడు. ఏం చూశాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఆ వేటల్లో కొట్టిన జంతువుల చర్మాలు, తలలు ట్రంకు పెట్టెల నిండా మా మ్యూజియానికి వచ్చి పడ్డాయి. వాటిని చూసి ఎవరైనా గోడకు తగిలిస్తారు. రహ్మాన్ సాబ్ అట్లా అనుకోలేదు.

"సరోజ బేటీ, చార్మినార్ కాడ పుట్టిన పిల్ల పొద్దున లేస్తే ఏం చూస్తది? గోడలు. గా పిల్లను నల్లమల కొండ మీద నిలబెట్టాలె. ఒక్క గది. తలుపు తీసి లోపలికి పోతే అడవి. జంతువులు, చెట్లు, రాళ్ళు, ఆడ బతికే చెంచులు, అన్నీ. సమజైందా?"

నాకు ఆనాడు సగమే అర్థమైంది. ఆ సగానికే నేను ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. ఆయనలో లోపాలు లేవని కాదు. మంత్రి అన్న మాట వింటే చాలు, చెమటలు పట్టేవి. పై నుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. కానీ అడవి విషయంలో ఆ మనిషి తనకు తెలియనిది తెలుసనేవాడు కాదు. "నేను అడివిని తుపాకీ సందులకెంచి చూసిన, గంతే. ఆడ ఉన్నోళ్ళను అడగాలె" అని నన్ను వెంటబెట్టుకుని అమ్రాబాద్ బస్సెక్కాడు.

ఇది ఏ నెల?

చెంచుల చిన్న ఊళ్ళను పెంటలు అంటారు. మేం వెళ్ళిన పెంటలో పది గుడిసెలు ఉంటాయేమో. ఎండాకాలం మొదలు. మాకు దారి చూపించడానికి ఒప్పుకున్న మనిషి ఈదయ్య. నలభై దాటి ఉంటాయి. నెత్తిన సిగ, భుజాన విల్లు, మాట తక్కువ. ఆయన అక్క లచ్చమ్మ నన్ను తన గుడిసె ముందు కూర్చోబెట్టి, ఆడపిల్ల ఒక్కతే ఇంతదూరం వచ్చిందని మా సాబ్‌ను కాసేపు చీవాట్లు పెట్టింది. లచ్చమ్మ భర్త బయన్న పెద్ద నవ్వులమారి. ఆ ముగ్గురినీ గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా కథంతా వాళ్ళదే.

నేను హైదరాబాదులోనే గది బొమ్మ గీసి తీసుకెళ్ళాను. ఎంత ముచ్చటగా గీశానో! పచ్చని చెట్లు, ఇప్పపువ్వు తినే ఎలుగు, సీతాఫలాల గుత్తులు, రాళ్ళ సందుల్లో పుట్టగొడుగులు, కొండ అంచున వేలాడే తేనెపట్లు. ఈదయ్యకు చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇది ఏ నెలమ్మా?" అన్నాడు.

"ఏ నెలేంటి? అడివి" అన్నాను.

"ఇప్పపువ్వు రాలంగ సీతాఫలం పండుతదా? పుట్టగొడుగు ఎండల మొలుస్తదా? తేనె దించే దినాలల్ల గింత పచ్చగ ఏడుంటది అడివి? ఆకులన్ని రాలి, తపసి మానులు తెల్లగ నిలబడి ఉంటయి. గీ బొమ్మల నాలుగు నెల్లు ఒక్కపాలే ఒచ్చినయి."

బయన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. నా ముఖం మాడిపోయింది. అయినా ఆ ప్రశ్న నా ఉద్యోగానికి అక్షరాభ్యాసం. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పేది ఇదే: అడవి అని ఒకటి ఉండదు. ఫలానా నెలలో, ఫలానా పూట ఉండే అడవి ఉంటుంది. ముందు ఆ పూట ఏదో తేల్చుకోండి, తర్వాత బ్రష్షు పట్టండి.

ఆ వారం రోజులూ ఈదయ్య వెనక కుక్కపిల్లలా తిరిగాను. గడ్డ తవ్వితే తీగ ఉన్న తల భాగాన్ని మళ్ళీ గుంతలో పెట్టి మట్టి కప్పేవాడు. ఎందుకంటే, వచ్చే ఏడు వచ్చేవాడికి ఉండొద్దా అన్నాడు. ఎలుగు చెదపుట్టను ఎట్లా తింటుందో పెదాలు ముందుకు చాచి, గాలి లోపలికి పీల్చి, చప్పుడు చేసి చూపించాడు. పైదవడలో నడిమి పళ్ళు రెండు దానికి ఉండవని, ఆ సందులోంచే చెదలను లాగేస్తుందని చెప్పాడు. మా ట్రంకు పెట్టెలోని ఎలుగు నాకు గుర్తొచ్చింది. ఎవరో పాత పనివాడు దానికి నోటినిండా పళ్ళు బిగించి, పులిలా నోరు తెరిపించి పెట్టాడు. చూసేవాళ్ళు జడుసుకోవాలని కాబోలు. తిరిగి రాగానే నేను చేసిన మొదటి పని ఆ రెండు పళ్ళూ పీకడం. కోపం తీసేసి పెదాలు ముందుకు చాపాను. ముక్కు మీద తడి మెరుపు దేనితోనూ కుదరక, చివరికి లాడ్ బజార్‌లో గాజులు చేసే వాళ్ళ దగ్గర లక్క తెచ్చి పూశాను. ఆ లక్క కూడా అడవిలో మోదుగ కొమ్మల మీద పురుగు పెట్టిందేనని తర్వాత ఈదయ్య చెబితేనే తెలిసింది. నా చేతికి గాజులున్నన్నాళ్ళూ ఆ మాట తలచుకునేదాన్ని.

చివరి రోజు తేనె దించడం చూపించారు. దగ్గరికి వస్తే ఈగలు వదలవని మమ్మల్ని లోయకు ఇటువైపే కూర్చోబెట్టి, వాళ్ళంతా అటు వెళ్ళారు. అటువైపు నిలువు కొండ. అడ్డతీగ నారతో పేనిన తాడు పట్టుకుని బయన్న అంచు మీదినుంచి కిందికి దిగాడు. పచ్చి ఆకుల పొగ, నల్లగా లేచిన ఈగలు. పైన ఒక మనిషి తాడు పట్టుకుని కూర్చున్నాడు. కింద ఉన్నతను ఏదో అంటే పైనున్నతను ఏదో బదులిచ్చేవాడు. మాటలు మాకు అందలేదు. పట్టులో తేనె ఉన్న భాగమే కోసి, పిల్లలున్న భాగం ఈగలకు వదిలేశాడు. అంత ధైర్యం, అంత పొందిక నేను మళ్ళీ ఏ పనిలోనూ చూడలేదు.

చకచకా బొమ్మ గీశాను. తాడు ముడి, పొగ కట్ట, బుట్ట, చెట్ల పేర్లు, రాతి రంగు, ఎండ ఏ వైపు నుంచి పడుతోందో, అన్నీ రాసుకున్నాను. ఒకేలా సిగ, ఒకేలా గోచీ, ఒకేలాంటి ఒళ్ళు. ఆ ఇద్దరి పక్కన, కాగితం అంచున రాసుకున్నాను: "అన్నదమ్ములు."

ఎవరినీ అడగలేదు.

ఒక సాంచా, రెండు ముఖాలు

గది కట్టడానికి ఏడాది పైన పట్టింది. ఎండిన అడవి గీశాను. రహ్మాన్ సాబ్ మొదట లబలబలాడాడు, "మంత్రిగారొచ్చి చూస్తే గిట్ల ఎండిపోయిందేంది అంటడు బేటీ, జెర పచ్చ రంగు ఎయ్యి" అన్నాడు. నెల సంగతి గుర్తు చేస్తే తల పంకించి ఊరుకున్నాడు. ప్లాస్టరుతో రెండు నిలువుల ఎత్తు కొండ లేపాం.

మనిషి బొమ్మలకు ధూల్‌పేట గోపాల్‌సింగ్‌ను పిలిచాం. వినాయకుళ్ళు చేయడం వాళ్ళ తాతల నాటి నుంచి వచ్చిన పని. వెదురు ఎముకలు, గడ్డి కండలు, మీద మట్టి. ఆయన వేళ్ళు మట్టిలోకి దిగాయంటే లోపలినుంచి మనిషి తనే లేచి వస్తున్నట్టుండేది. మొదట్లో చెంచుల బొమ్మలకు కూడా చెవుల దాకా తామరరేకుల కళ్ళు దిద్దాడు. "దేవుని కళ్ళు కాదు అన్నా, ఎండలో చికిలించే కళ్ళు" అని తుడిపించాను. గొణిగాడు కానీ మార్చాడు. మళ్ళీ దిద్దిన కళ్ళు నిజంగానే ఎండలో చికిలించాయి.

ధూల్‌పేటలో ముఖాలకు సాంచాలుంటాయి, అంటే అచ్చులు. ఒక ముఖం చేత్తో చేసి దానికి అచ్చు తీస్తే, తర్వాత ఎన్ని కావాలంటే అన్ని. వినాయక చవితి దగ్గర పడుతోంది. గోపాల్‌సింగ్‌కు ఊపిరి సలపని రోజులు. నా బొమ్మ చూసి అడిగాడు.

"బెహన్‌జీ, గీ కింద ఉన్నోడు, గీ పైన ఉన్నోడు, ఎవలు?"

"అన్నదమ్ములు."

"భాయ్ భాయ్ హై తో ఏక్ సాంచా బస్. జెర మీసం మారుస్త, అయిపాయె."

తెలివైన మాటే అనిపించింది. అన్నదమ్ములంటే ఒకే పోలిక ఉండాలి కదా. బయన్న ముఖం నేను దగ్గరినుంచి గీసుకొచ్చాను, దానితోనే అచ్చు తీశాడు. కింద బయన్న, పైన బయన్న లాంటి ఇంకో మనిషి. కింది బొమ్మ బరువంతా కొండ వెనక దాచిన ఇనుప కడ్డీ మీద. తాడు చూపుకే.

ఆ నెలలో నా అంత గర్వం ఇంకెవరికీ ఉండి ఉండదు. ఆకు ఆకుకూ నెల చూసి పెట్టాను. చెట్టును నెల అడిగాను, మనిషిని చుట్టరికం అడగలేదు. అది నాకు తట్టనేలేదు.

ముందు రోజు

ప్రారంభానికి మంత్రిగారు వస్తానన్నారు. పెంటలోని వాళ్ళందరినీ పిలిపించాలని రహ్మాన్ సాబ్ పట్టుబట్టి ఒక లారీ మాట్లాడాడు. ఈదయ్యను మాత్రం ఒకరోజు ముందే రప్పించమని నేను అడిగాను. పొరపాట్లుంటే చెబుతాడని కాదు, మెచ్చుకుంటాడని. నిజం చెప్పాలి కదా.

ఈదయ్య వచ్చాడు. చార్మినార్ దగ్గర దిగి, గుర్రబ్బండ్లూ రిక్షాలూ దాటుకుంటూ వచ్చేసరికి మనిషి బెదిరిపోయి ఉన్నాడు. గదిలోకి అడుగు పెట్టాడో లేదో భుజాలు కిందికి దిగాయి. తపసి మానును చేత్తో తడిమాడు. రాలిన ఆకులు కాలితో కదిపాడు. ఎలుగు ముందు చతికిలబడి దాని నోట్లోకి తొంగి చూశాడు.

"పండ్లు తీసేసినవా?"

"తీసేశాను."

"మంచిగ చేసినవమ్మా. గిప్పుడు ఎలుగు లెక్క ఉన్నది" అని, పెదాలు ముందుకు చాచి మళ్ళీ ఆ చప్పుడు చేశాడు. నేను, రహ్మాన్ సాబ్, చివరి మెరుగులు దిద్దుతున్న గోపాల్‌సింగ్, అందరం నవ్వాం. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషం కలిగిన నిమిషం అదే. ఆ తర్వాత ఆయన కొండ వైపు తిరిగాడు.

కింద బయన్నను గుర్తు పట్టి ముందు చిరునవ్వు నవ్వాడు. తల పైకెత్తాడు. నవ్వు పోయింది. ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు. నేల మీద కూర్చుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"పైన ఎవలమ్మా?"

"బయన్న వాళ్ళ తమ్ముడు అనుకుని..." అన్నాను.

"తోడబుట్టినోని చేతికి తాడిచ్చిన్రా?"

"తప్పా?"

"మా దిక్కు అన్న సస్తే గా వదినెను తమ్ముడే చేసుకుంటడు. గసొంటి తమ్మునికి తాడిస్తరా ఎవలన్న? తాడు పట్టేది పెండ్లాం తోడబుట్టినోడు. బావకేమన్న అయితే నా అక్క బతుకు ఆగమైతది. గందుకని నా చెయ్యి జారది. ఆనాడు లోయకు గా దిక్కు తాడు పట్టింది నేనేనమ్మా."

ఆ దూరం నుంచి నేను చూసిన రెండో మనిషి ఈదయ్య. వారం రోజులు నాతో తిరిగిన మనిషిని నేను గుర్తు పట్టలేదు, అడగనూ లేదు.

రహ్మాన్ సాబ్ సర్దిచెప్పబోయాడు. "ఈదయ్యా, ఈడికొచ్చేటోళ్ళకు గివన్నీ ఏం తెలుస్తయ్? ఫికర్ చెయ్యకు. ఎవలు గుర్తు పడ్తరు?"

"రేపు నా అక్క ఒస్తది గద సాబ్" అన్నాడు ఈదయ్య. "మొగుడు తాడు మీద ఉన్నడు. తాడు తన మరిది చేతుల ఉన్నది. నా తమ్ముడు ఏడికి పోయిండు అనదా? నేను పట్నమొచ్చి తాడు ఇడిసిపెట్టిన అనుకోదా? మా తాత గా కొండ దిగితే మా అవ్వ తమ్ముడు పట్టిండు. మా నాయిన దిగితే మా మేనమామ పట్టిండు. బావ దిగితే నేను పట్టిన. మా పెద్దోళ్ళను మేము గిట్లనే యాది పెట్టుకుంటం. ఏ కొండ ఎవలిదంటే, ఎవలు దిగితే ఎవలు పట్టిన్రో చెప్తం. మాకు కాయితాలు లెవ్వు. గిది ఇట్లనే ఉంచితే మీరు మా కొండను వేరేటోళ్ళకు రాసిచ్చినట్టే."

చెంచుల చరిత్ర అని నేను గోడకు ఎక్కించిన పలకలో నాలుగు పేరాలు ఉన్నాయి. ఆయన ఒక్క గుక్కలో చెప్పిన దాంట్లో ఉన్నంత అందులో లేదు.

"తప్పు నాది సాబ్" అన్నాను. "ఆ బొమ్మ అన్నదమ్ములదని గోపాలన్నకు చెప్పింది నేను. రేపు మంత్రిగారు అడిగినా అదే చెబుతాను. పై బొమ్మ మాత్రం దించేయాలి."

రహ్మాన్ సాబ్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. నా మీద కోప్పడతాడనుకున్నాను. ఆయన గోపాల్‌సింగ్ వైపు చూశాడు. గోపాల్‌సింగ్ అప్పటికే ఈదయ్య ఎదురుగా కూర్చుని, దవడ ఎముక ఎక్కడ తిరిగిందో, కనుబొమ్మ ఎక్కడ విరిగిందో చూస్తున్నాడు.

"ముఖం పొద్దుగూకే లోపల చేస్త" అన్నాడు. "కానీ వానలు సాబ్. మట్టి ఆరాలంటే నాలుగు దినాలు. నక్కో, రేపటికి కాదు."

"అయితే పైన ఖాళీగా ఉంచుదాం. తాడు ఇనుప మొలకు కట్టేద్దాం" అన్నాడు సాబ్.

ఈదయ్య లేచాడు. "మొలకు కట్టి బావను దించుతరా?"

"బరువు తాడు మీద లేదు ఈదయ్యా" అన్నాను, కొండ వెనక్కి తీసుకెళ్ళి కడ్డీ చూపించాను. ఆయన దాన్ని పట్టుకుని ఊపి చూశాడు, గట్టిదేనని ఒప్పుకున్నాడు.

"కడ్డీ సంగతి మీకెరుక. చూసేటోళ్ళకు తాడే కనపడ్తది. రేపు నేనే తాడు పట్టుకుంట."

మంత్రిగారు వచ్చిన రోజు

బొమ్మల మధ్య బతికున్న మనిషిని నిలబెట్టడం తప్పని ఇవాళ మీరంటే ఒప్పుకుంటాను. ఆనాడూ నాకు మనసొప్పలేదు. వద్దని రెండుసార్లు చెప్పాను. రహ్మాన్ సాబ్ కూడా వద్దన్నాడు. కానీ ఆయనను మేం నిలబెట్టలేదు. మా తప్పును మా గదిలో ఆయన తన చేతులతో దిద్దుకుంటున్నాడు. దాన్ని ఆపే మొహం మాకు లేదు.

పై బొమ్మను రాత్రే దించేశాం. ఆ ఉదయం ఈదయ్య కొండ వెనక నిచ్చెన ఎక్కి, ప్లాస్టరు కొండ అంచు మీద మోకాలు ఆనించి, తాడు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మంత్రిగారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, ఎలుగును చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. కొండ దగ్గర తలెత్తి "ఈ పైబొమ్మ అచ్చం మనిషే!" అన్నారు. పై నుంచి ఫోన్ వచ్చినప్పటిలాగే రహ్మాన్ సాబ్ నిటారుగా నిలబడ్డాడు.

"బొమ్మ కాదు హుజూర్. మనిషే. మేం ఒక తప్పు చేసినం, గాయన దిద్దుతున్నడు" అన్నాడు. నాకు ఆ క్షణంలో ఆ మనిషి ఎంత ఎత్తు కనిపించాడో చెప్పలేను. ఆ తప్పు నాదని కూడా ఆయన బయటపెట్టలేదు. మంత్రిగారు ఒక నమస్కారం పెట్టి పక్క గదికి కదిలారు.

ఆయన వెళ్ళాక లారీ వచ్చింది. బురదలో దిగబడి ఆలస్యమైందట. పెంట మొత్తం చిన్నా పెద్దా లోపలికి వచ్చారు. బయన్న తన బొమ్మను చూసుకుని నడుం మీద చేతులు పెట్టుకుని పెద్దగా నవ్వాడు. లచ్చమ్మ నవ్వలేదు. కింద వేలాడుతున్న మొగుడిని చూసింది, తాడు వెంట చూపు పైకి పోనిచ్చింది, తమ్ముడిని చూసింది. చూసి, హాయిగా నేల మీద కూర్చుని, సంచిలోంచి తమలపాకు తీసింది. అంతే. ఆ ఒక్క చూపు కోసమే ఈదయ్య పొద్దుటినుంచి కూర్చున్నాడని నాకు అర్థమైంది.

బయన్న కిందినుంచి ఏదో బూతు కలిపి ఎకసెక్కమాడాడు. ఈదయ్య పైనుంచి అంతకు మించినది అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. తేనె దించేటప్పుడు వాళ్ళు మాట్లాడుకునేది ఇదేనట. బావాబామ్మర్దులు ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉండాలట, పైమాట వినిపిస్తే పైచెయ్యి మెలకువగా ఉన్నట్టు. ఏడాది కింద లోయకు ఇటువైపు కూర్చుని నేను వినలేకపోయిన మాటలు ఆనాడు విన్నాను. ఇక్కడ రాయలేను లెండి.

మధ్యాహ్నం దాటింది. లారీవాడు తొందర పెడుతున్నాడు. అందరూ చూడటం అయిపోయింది. "ఇక దిగు ఈదయ్యా" అన్నాను.

"బావ పైకొచ్చినంక దిగుత" అన్నాడు.

ఆయన ఆటకు అన్నాడనుకున్నాను. ముఖం చూస్తే ఆట కాదు. బయన్నే చెప్పాడు.

"అరె, నేను ఈడనే ఉన్న గద ఈదిగా! ఇడువు తాడు."

"నువ్వు ఈడున్నవు. గాయన ఆడ్నే ఉన్నడు" అని ఈదయ్య మట్టి బయన్న వైపు గడ్డంతో చూపించాడు. "మనిషి కింద ఉండంగ నేనెన్నడన్న ఇడిసిన్నా?"

నవ్వుతున్న బయన్న ఆగిపోయాడు. రహ్మాన్ సాబ్ షేర్వానీ విప్పి నా చేతికిచ్చి, పానా పట్టుకుని కొండ వెనక్కి దూరాడు. కడ్డీకి ఉన్న బోల్టులు బిగుసుకుపోయాయి. గోపాల్‌సింగ్ సుత్తెతో కొట్టాడు. ఏడాది కష్టపడి రంగు వేసిన కొండ ఒకచోట పగిలి పెచ్చులు ఊడింది. ఎవరం పట్టించుకోలేదు. బోల్టు ఊడేసరికి బరువంతా ఒక్కసారిగా తాడు మీద పడింది. పైన ఈదయ్య చేతులు బిగిశాయి, బొమ్మ బెత్తెడు కూడా జారలేదు.

కిందినుంచి నేను, గోపాల్‌సింగ్ కాళ్ళు పట్టుకుని ఎత్తాం. ఇంకో నిచ్చెన మీద బయన్న తన బొమ్మను తానే చంకల కింద పట్టుకుని పైకి తోశాడు. ఈదయ్య పిడికిలి తర్వాత పిడికిలి తాడు లాగాడు. మట్టి మనిషి కొండ అంచు ఎక్కి, ఆయన పక్కన బోర్లా పడుకున్నాడు.

అప్పటికీ ఈదయ్య చేతులు తెరవలేదు. కిందికి, అక్క వైపు చూశాడు.

లచ్చమ్మ లేచి, కొంగు దులుపుకుని, పైకి చూసి అన్నది.

"వచ్చిండు తమ్మీ. ఇగ ఇడువు."

ఈదయ్య తాడు వదిలాడు.